ఎక్కే బిడ్డను కట్టివేయకండి

(కర్నూలు పాతబస్తీలో జరిగిన ఆటిజం పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



  

నేను వైద్యుణ్ణి కాను, ఉపాధ్యాయుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ వేదిక మీద నిలబడడానికి నాకున్న అర్హత ఒక్కటే. నాకు తొమ్మిదేళ్ల మనవడున్నాడు. వాడికి ఆటిజం ఉంది. వాడు మాట్లాడడు. ఎక్కుతాడు.

"ఏ పిల్లవాడు ఎక్కడు?" అని మీరనవచ్చు. నేనూ చాలాకాలం అదే మాట అన్నాను. మా వంటింట్లో, మన రాయలసీమ ఇళ్లన్నింటిలోలాగే, గోడలో దిగ్గొట్టిన కడప నాపరాతి గూళ్లున్నాయి. రెండేళ్ల వయసులోనే వాడు ఒక్కొక్క బండ మీద కాలుపెట్టి పై గూటికి చేరి, ఊరగాయ జాడీల పక్కన మోకాళ్లు ముడుచుకొని కూర్చునేవాడు. చూసి నవ్వుకున్నాం. మగపిల్లవాడు, చురుకైనవాడు అన్నాం. నాలుగో ఏట కిటికీ ఊచల మీదుగా కప్పు దాకా పాకాడు. ఆరో ఏట మిద్దె మీది పిట్టగోడపై, రెండు చేతులూ చాపి, ఇటు కొస నుంచి అటు కొసకు నడిచాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరమూ నవ్వలేదు.

వాడికి ఏడేళ్లప్పుడు జరిగినది చెబుతాను. అసర్ నమాజు ముగించుకొని వస్తున్నాను. వీధి మొదట్లోనే గుంపు కనబడింది. పక్కింటివారి మూడో అంతస్తు మీద నీళ్ల ట్యాంకు, దాని మూత మీద మా పిల్లవాడు. ట్యాంకుకు ఒక వైపు ఖాళీ, మరో వైపు నాలుగైదు అడుగుల దూరంలో కరెంటు తీగలు. కింద యాభై మంది తలెత్తి "దిగరా! పడతావురా!" అని కేకలు వేస్తున్నారు. కొందరు ఫోన్లలో చిత్రిస్తున్నారు. కేకలు పెరిగేకొద్దీ వాడు చెవులు మూసుకొని అంచు వైపు జరుగుతున్నాడు. నేను కూడా అరిచాను. నా గొంతే అందరికంటే పెద్దదని తరువాత చెప్పారు.

ఆ పక్క వీధిలో ఇంటికి రంగులు వేస్తున్న ఒక పనివాడు అప్పుడు పరుగెత్తుకొచ్చి, "సార్, మీరంతా నోరు మూసుకోండి" అన్నాడు. నన్ను అలా అన్నవాళ్లు నా సర్వీసులో ఎవరూ లేరు. అతడు మెట్లెక్కి, ట్యాంకు నిచ్చెన ఎక్కి, పిల్లవాణ్ణి పట్టుకోలేదు, పలకరించనూ లేదు. పక్కన కూర్చున్నాడు. కాళ్లు వేలాడదీసి, హంద్రీ వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు. పది నిమిషాల తరువాత అతడు లేచి ఒక మెట్టు దిగి ఆగాడు. పిల్లవాడు ఒక మెట్టు దిగాడు. అలాగే ఇద్దరూ నేల దాకా వచ్చారు. "మాకు తెలుసు సార్, ఎత్తు మీద ఉన్నవాణ్ణి కింద నుంచి పిలవకూడదు" అని చెప్పి అతడు తన పనికి వెళ్లిపోయాడు. ఆ తరువాత పెద్ద పెద్ద నిపుణుల దగ్గర నేను విన్న సలహాల్లో దీనికి మించినది లేదు.

ఆ సాయంత్రం నేను చేసిన పని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. కోడలి చున్నీ తీసుకొని, దాని ఒక కొస వాడి నడుముకు, మరో కొస మంచం కోడుకు నేనే కట్టాను. నా కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఇంట్లో మగదిక్కు నేనే కాబట్టి నా మాటే చెల్లింది. కోడలు నా సొంత చెల్లెలి కూతురు, కడప పిల్ల. "వద్దు మామూ" అని ఒక్కసారి అన్నది, అంతే. దాదాపు మూడు నెలలు, ఆమె వంట చేసే వేళ, బట్టలుతికే వేళ, నమాజు చదివే వేళ వాడు ఆ మంచం దగ్గరే ఉన్నాడు. నడుము చుట్టూ నల్లని గీత పడింది. తల గోడకు కొట్టుకోవడం అప్పుడే మొదలైంది. అంతకు ముందు వాడికి ఆ అలవాటు లేదు.

ఇక్కడున్నవారిలో ఇంకెవరైనా అలా కట్టి ఉంటే సిగ్గుపడి తలదించుకోమని నేను అనను. భయంతో కట్టాం. బిడ్డ చచ్చిపోతాడన్న భయం. అయితే ఆ తాడు వాణ్ణి కాపాడుతుందా అన్నది ప్రశ్న. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు 28 మంది చనిపోయారు. వారిని గొలుసులతో కట్టి ఉంచినందువల్ల పారిపోలేకపోయారు. వారి కుటుంబాలు కూడా ప్రేమతోనే, ఆశతోనే అక్కడికి తీసుకెళ్లి ఉంటాయి. సుప్రీంకోర్టు దానిని తనంత తానుగా విచారణకు తీసుకున్నది. మానసిక రోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 3వ సెక్షను, వైకల్యం ఉన్నదన్న ఒక్క కారణంతో ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని చెబుతుంది. చట్టం ఇంట్లోని మంచం కోడు దాకా వచ్చి చూడదు, నిజమే. కానీ ఆ సెక్షను చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. రాజ్యం నా మనవడికి ఇచ్చిన హక్కును నేను నా కోడలి చున్నీతో తీసేసుకున్నాను.

వాడు ఎందుకు ఎక్కుతాడు? మనవాళ్లలో కొందరు నజర్ తగిలిందన్నారు, కొందరు సాయా పట్టిందన్నారు. తాయెత్తులు కట్టించాం, దర్గాకు తీసుకెళ్లాం, దువా చేయించాం. దువాకు నేను వ్యతిరేకిని కాను, ఈ రోజుకూ ప్రతి నమాజులోనూ చేస్తాను. మరికొందరు మేనరికమే కారణమని, ఇంకొందరు తల్లి ఫోను చూస్తూ పిల్లవాణ్ణి వదిలేసిందని అన్నారు. ఈ చివరి మాట అన్నవారిలో మా ఇంటివాళ్లూ ఉన్నారు. ఆటిజాన్ని లియో కానర్ అనే వైద్యుడు 1943లో అమెరికాలో ఒక ప్రత్యేక స్థితిగా వర్ణించాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా అక్కడి పండితులు కూడా తల్లుల ప్రేమలేమి వల్లనే పిల్లలు ఇలా అవుతారని రాశారు. తరువాత అది తప్పని తేలింది. ఇది ప్రధానంగా జన్యువులతో ముడిపడిన, మెదడు ఎదుగుదలకు సంబంధించిన భేదం. పెంపకం వల్ల రాదు. టీకాల వల్ల రాదు. చదువుకున్న దేశాలు దశాబ్దాల కిందట వదిలేసిన నిందను మన అత్తగార్లు ఇంకా మోస్తున్నారు. అత్తగార్లు అని ఊరికే అన్నాను. మామగార్లు కూడా.

ఇక ఎక్కడం మాట. మనకు ఐదు ఇంద్రియాలని బడిలో చెప్పారు. అవి కాక మరో రెండున్నాయట. ఒకటి లోపలి చెవిలో ఉండి, మనం నిలబడ్డామా, ఒరిగామా, ఊగుతున్నామా అన్నది తెలుపుతుంది. రెండోది కండరాల్లో, కీళ్లలో ఉండి, మన చేయి ఎక్కడుంది, కాలు ఎంత బలంగా ఆనింది అన్నది తెలుపుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ సమాచారం అందడంలో తేడా ఉంటుంది. కొందరికి ఎక్కువగా అంది చిన్న కదలికకే భయపడతారు. కొందరికి తక్కువగా అంది, అది చాలక వెతుక్కుంటారు. గుండ్రంగా తిరుగుతారు, దూకుతారు, వేలాడతారు, ఎక్కుతారు. ఎక్కేటప్పుడు ఒళ్లంతా బిగుసుకుంటుంది, బరువు లాగుతుంది, అప్పుడు వాడికి తన శరీరం తనకు దొరుకుతుంది. పైన కూర్చుంటే కింది గోల దూరమవుతుంది. ప్రమాదమన్న ఊహ మాత్రం వాడి లెక్కలో ఉండదు. ఎక్కడం వాడి అవసరం, ప్రమాదం మన సమస్య. ఈ రెంటినీ విడదీసి చూడడానికి నాకు మూడు నెలలు పట్టింది.

విడదీసి చూపినది ఒక రిజిస్టరు. ఆఫీసులో ఉద్యోగి బయటికి వెళ్లినప్పుడు ఏ వేళకు వెళ్లాడు, ఎందుకు వెళ్లాడు, ఎప్పుడు వచ్చాడు అని రాసే మూవ్‌మెంట్ రిజిస్టరు ఉంటుంది. సాధారణంగా అందులో అబద్ధాలే ఉంటాయి గాని, పద్ధతి మంచిదే. ఒక పొడవాటి నోటుపుస్తకం తీసుకొని గీతలు కొట్టాను. వేళ, ఎక్కిన చోటు, అంతకు ముందు ఏం జరిగింది, పైన ఎంతసేపు ఉన్నాడు, ఎలా దిగాడు. నేనూ కోడలూ నలభై రోజులు రాశాం. నలభై రోజుల తరువాత చూస్తే వాడు "ఎప్పుడూ" ఎక్కడం లేదు. మిక్సీ తిరిగినప్పుడు ఎక్కుతున్నాడు. చుట్టాలు వచ్చినప్పుడు ఎక్కుతున్నాడు. బడి నుంచి వచ్చిన అరగంటలో, మగ్రిబ్‌కు ముందు, పెళ్లి ఊరేగింపు డప్పులు వీధిలోకి వచ్చినప్పుడు ఎక్కుతున్నాడు. ఏడు సంవత్సరాలుగా వాడు మాతో చెబుతున్నది ఆ కాగితాల మీద కనబడింది. ఆ రాత్రి కోడలు చున్నీ విప్పేసింది. మళ్లీ నేను కట్టలేదు.

ఆ తరువాత ఇంటిని మార్చాం. ఇది కొంచెం వివరంగా చెబుతాను, మీకు పనికొస్తుంది. మొదట నాపరాతి గూళ్లు. పాత ఇళ్లలో ఆ బండలు గోడలో రెండంగుళాలు కూడా దిగి ఉండవు, పిల్లవాడి బరువుకు ఊడి వాడి మీదే పడతాయి. కింది రెండు బండలు తీయించేశాం, పైవాటికి ఇనుప కోణాలు ఆనించాం. ఇనుప బీరువాను గోడకు బోల్టులతో బిగించాం. బీరువా ఎక్కే పిల్లవాడు పడడం కన్నా బీరువా వాడి మీద పడడం ఎక్కువ ప్రమాదం. మిద్దె మెట్ల తలుపుకు గొళ్లెం పెద్దల చేతికి మాత్రమే అందే ఎత్తులో పెట్టించాం. దానికి తాళం వేయవద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీలో ప్రాణాలు దక్కినది మిద్దెల మీదే. చంటిపిల్లల్ని, ముసలివాళ్లను భుజాన వేసుకొని అందరమూ ఆ రాత్రి పైకి ఎక్కినవాళ్లమే. పిట్టగోడ మీద నాలుగడుగుల ఇనుప జాలీ వేయించాం. జాలీ కళ్లు చిన్నవిగా ఉండాలి, కాలి వేలు పట్టకూడదు. పట్టిందంటే అది కంచె కాదు, నిచ్చెన. పిట్టగోడ పక్కన పాత కుర్చీలు, డ్రమ్ములు, పూలకుండీలు పెట్టకండి. నీళ్ల ట్యాంకు మూతకు తాళం వేయండి. మిద్దెకు తీగలు దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటకు ఏ కార్యాలయంలోనూ నంబరు పడదు.

ఇవన్నీ మూసేసే పనులు. వీటితోనే ఆగితే అది పెద్ద చున్నీ అవుతుంది, అంతే. ఒకటి మూసినప్పుడు ఒకటి తెరవాలి. పెరట్లో వెల్డింగు చేసేవాళ్ల దగ్గర పాత నీళ్ల పైపులతో ఏడడుగుల చట్రం కట్టించాం. అడ్డకడ్డీలు, ఒక మోకు, చివర ఒక పాత స్కూటరు టైరు. కింద మోకాలి లోతు తవ్వి ఇసుక నింపాం. మన ఎండల్లో ఇనుము ముట్టుకుంటే చేయి కాలుతుంది కదా, అందుకని కడ్డీలకు కొబ్బరిపీచు తాడు చుట్టాం. ఫజ్ర్ తరువాత అరగంట, బడి నుంచి రాగానే అరగంట, వాడు అడగకముందే అక్కడికి తీసుకెళతాం. మిక్సీ వేసే ముందు కూడా. ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ పద్ధతికి ఆమె ఒక పెద్ద పేరు చెప్పి, బియ్యం సంచి మోయించడం, గోడను తోయించడం, బిందెతో నీళ్లు తెప్పించడం కూడా కలపమన్నారు. ఈ రోజు మా ఇంట్లో బియ్యం సంచి దుకాణం నుంచి వంటింటి దాకా వాడే తెస్తాడు. వాడు ఎక్కడం మానలేదు. మానడు. తల గోడకు కొట్టుకోవడం మాత్రం ఆగింది.

ఎక్కే పిల్లవాడు ప్రహరీ కూడా ఎక్కి దాటుతాడు. అమెరికాలో 2012లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆటిజం పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా ఇల్లు వదిలి వెళ్లిపోవడానికి ప్రయత్నించారని అందులో తేలింది. అలా తప్పిపోయిన పిల్లలకు ముప్పు రోడ్డు మీది వాహనాలు, ఆ తరువాత నీళ్లు. మన ఊరికి ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, పక్కనే కె.సి. కాలువ. పిల్లవాడు కనబడకపోతే చుట్టాల ఇళ్లు వెదకడం తరువాత, ముందు నీళ్ల దగ్గరికి పరుగెత్తండి. చొక్కా లోపలి వైపు ఫోను నంబరు రాయండి. మన వీధిలోని పది ఇళ్లకు, టీ కొట్టుకు, కూరగాయల బండికి, ఆటో స్టాండుకు పిల్లవాడి ఫోటో చూపి చెప్పండి. దాచిపెట్టిన బిడ్డను ఎవరూ గుర్తుపట్టలేరు. ఏడేళ్లు మేము వాణ్ణి దాచాం. ట్యాంకు ఎక్కిన రోజున ఆ గుంపులో సగం మందికి వాడు ఎవరి పిల్లవాడో కూడా తెలియదు.

మసీదు సంగతి ఎత్తకుండా కూర్చుంటే మీరే అడుగుతారు. ఒక శుక్రవారం వాణ్ణి జుమాకు తీసుకెళ్లాను. వజూ చేయించి మొదటి వరుసలో కూర్చోబెట్టుకోవడం నా పొరపాటు. ఇమాముగారు ఇంకా రాలేదు. వాడు చక్కగా లేచి మింబరు మూడు మెట్లూ ఎక్కి పైన కూర్చున్నాడు. జనం లేచారు. "పిచ్చివాణ్ణి మసీదుకు తెస్తారా?" అని ఒక పెద్దమనిషి అన్నారు. నేను వాణ్ణి ఎత్తుకొని, నమాజు చదవకుండానే ఇంటికి వచ్చేశాను. అది ఏ మసీదో చెప్పను, ఆ పెద్దమనిషి కూడా మంచివారే. ఆ తరువాత చాలా వారాలు నేను ఒక్కణ్ణే వెళ్లాను.

హదీసు గ్రంథాలలో మనందరికీ తెలిసిన రెండు ఉదంతాలున్నాయి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకనాడు మింబరు మీద ప్రసంగిస్తుండగా, చిన్నారులు హసన్, హుసైన్ (రజి) ఎర్రని చొక్కాలు తొడుక్కొని తడబడుతూ వచ్చారు. ఆయన ప్రసంగం ఆపి, మింబరు దిగి, వారిని ఎత్తుకొని తెచ్చి తన ముందు కూర్చోబెట్టుకున్నారు. మరొకనాడు నమాజు చేయిస్తూ సజ్దాలో ఎంతోసేపు ఉండిపోయారు. వెనుకనున్నవారు ఏదో జరిగిందని కలవరపడ్డారు. తరువాత అడిగితే, పిల్లవాడు తన వీపు మీదికి ఎక్కాడని, వాడి ముచ్చట తీరకముందే తొందరపెట్టడం తనకు ఇష్టం లేకపోయిందని చెప్పారు. ఎక్కిన పిల్లవాడి కోసం ఒక జమాఅతు మొత్తం సజ్దాలో ఆగింది. ఖుత్బాల్లో పిల్లల పట్ల ప్రేమకు ఉదాహరణగా ఎన్నోసార్లు విన్నాను. నా మనవడు మింబరు ఎక్కిన తరువాత విన్నప్పుడు వేరుగా వినబడింది.

ఇప్పుడు వాడు మసీదుకు వస్తాడు. జుమాకు కాదు, జనం పలుచగా ఉండే అసర్‌కు. తలుపు దగ్గరి చివరి వరుసలో ఉంటాం, ముందు అరగంట పెరట్లో ఎక్కించి తీసుకెళతాను. లౌడ్‌స్పీకరు దగ్గర నిలబెట్టను. మసీదు కమిటీలవారు ఎవరైనా ఇక్కడుంటే నాదొక మనవి. ఇలాంటి పిల్లల కోసం ఒక మూల కేటాయించండి. మిద్దెకు, మినారుకు వెళ్లే మెట్ల తలుపులు మూసి ఉంచండి. ఖర్చు ఒక గొళ్లెం.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ నాకు కొంచెం అధికారం ఉందనుకుంటాను. 1995 నాటి పాత చట్టంలో ఆటిజం అనే మాటే లేదు. 2016 చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచినప్పుడు ఆటిజం అందులో చేరింది. సర్టిఫికెట్టులో 40 శాతం, అంతకు మించి వస్తేనే ప్రధానమైన ప్రయోజనాలు. శాతం నిర్ణయించడానికి సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన 40 అంశాల కొలమానం వాడతారు. ఆ అంశాల్లో చాలావాటికి జవాబు చెప్పవలసినది తల్లి. మాకు మొదటిసారి తక్కువ శాతం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే తప్పు మాదే అనిపించింది. అడిగినవారు తెలుగులో అడిగారు. కోడలు ఉర్దూ మీడియంలో చదివింది, ఇంట్లో మాట్లాడేది దక్కనీ. సగం అర్థమై సగం కాక "హా" అన్నది. అర్థమైన చోట పరువు అడ్డొచ్చింది. "ప్రమాదమని తెలుసా?" అంటే "కొంచెం తెలుసు" అన్నది. "రాత్రి నిద్రపోతాడా?" అంటే "పోతాడు" అన్నది. ఏ తల్లి పరాయివాళ్ల ముందు తన బిడ్డలో లోపాలు ఒక్కొక్కటీ చెప్పుకుంటుంది? ఆ వరండాలో బయట నిలబడి విన్నాను నేను, మగవాణ్ణి కదా, లోపలికి వెళ్లలేదు.

రెండోసారి ఆ నలభై రోజుల రిజిస్టరు చేతికిచ్చి పంపాను, పక్కన నేనూ కూర్చొని దక్కనీలోకి మార్చి చెప్పాను. శాతం మారింది. అమ్మలారా, అక్కడ బిడ్డను పొగడకండి, ఇంటికొచ్చి పొగుడుకోండి. భాష అర్థం కాకపోతే తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి, ఉర్దూలో అడగమని కోరండి. 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ శాసనసభ చట్టం చేసింది. ఆ అధికారం వీధి బోర్డుల మీదనే కాక, ఆసుపత్రిలో మన పిల్లవాణ్ణి పరీక్షించే బల్ల దగ్గర కూడా కనబడాలని ఈ పత్రిక ద్వారా, మన సంఘాల ద్వారా గట్టిగా అడగాలి.

భాష గురించే మరొక మాట. "ఇంట్లో ఉర్దూ మానేయండి, ఒక్క భాషే మాట్లాడండి, లేకపోతే పిల్లవాడికి మాటలు రావు" అని మాకు ఒక చోట సలహా ఇచ్చారు. ఏడాదిపాటు మా ఇంట్లో వాడితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. కోడలికి తెలుగులో లాలించడం రాదు, ఉర్దూలో లాలించవద్దన్నారు. ఆమె మౌనంగా అన్నం పెట్టేది. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు ఒక్క భాషలో పెరిగినవారికన్నా వెనుకబడలేదని వేర్వేరు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. వాడు ఈ రోజు చిత్రాల పలక మీద వేలు పెట్టి చూపుతాడు. "ఊపర్" అన్నా తెలుసు, "పైకి" అన్నా తెలుసు.

మిగిలినవి త్వరగా చెబుతాను. సదరం స్లాటుకు సచివాలయంలో గాని మీసేవలో గాని నమోదు చేయించండి, యూడీఐడీ కార్డు తీసుకోండి. 40 శాతం దాటిన అర్హులకు రాష్ట్రంలో పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన జరిగింది, మళ్లీ జరగవచ్చు. కాబట్టి ప్రతి కాగితానికీ మూడు నకళ్లు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి పుట్టింట్లో, ఒకటి ఫోనులో ఉంచండి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీలకు కూడా కొంత వస్తుంది. మన జమాఅతులో దానిని తీసుకున్నవారు నాకు ఇంతవరకు ఇద్దరే కనబడ్డారు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలో గాని, కోరుకుంటే ప్రత్యేక బడిలో గాని ఉచిత విద్య 2016 చట్టం 31వ సెక్షను ఇచ్చిన హక్కు. మండలాల్లో సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలున్నాయి. "మా బడిలో ఇలాంటివారిని చేర్చుకోం" అని ఎవరైనా అంటే వాదించకండి. ఆ మాటనే కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వమనండి. నా అనుభవంలో అలా రాసిచ్చిన హెడ్‌మాస్టరు ఇంకా పుట్టలేదు. మా వాడు ఇప్పుడు ప్రభుత్వ బడిలోనే ఉన్నాడు. కిటికీ పక్క కాకుండా గోడ పక్క కూర్చోబెడతారు, ప్రతి పీరియడు తరువాత ఒకసారి మైదానంలోకి పంపుతారు.

పద్దెనిమిదేళ్లు నిండాక ఏమిటని ఒక తల్లి చీటీ పంపారు. నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరుగారి అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, సంరక్షకుల్ని అదే నియమిస్తుంది. అయితే ఆమె అడిగినది ఆ ప్రశ్న కాదని నాకు తెలుసు. మేము పోయాక ఏమిటని ఆమె అడుగుతున్నారు. నాకు అరవై ఆరేళ్లు. పెరట్లో చట్రం కింద నిలబడి వాణ్ణి చూస్తున్నప్పుడు ప్రతిరోజూ నాకు వచ్చే ప్రశ్న అదే. దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. కనీసం ఈ హాల్లో ఉన్న ముప్పై కుటుంబాలు ఒకరి పిల్లవాణ్ణి ఒకరు గుర్తుపట్టేటట్లు ఉంటే, ఆ ప్రశ్నను ఒంటరిగా మోయనవసరం ఉండదనుకుంటున్నాను.

కొండారెడ్డి బురుజు మీదుగా వెళ్లినప్పుడల్లా వాడు ఆటోలో లేచి నిలబడి పైకి చేయి చాపుతాడు. ఇంకా ఎక్కించలేదు. ఆ రంగులు వేసే పనివాడు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, "నేను తీసుకెళతాను సార్, పొద్దున్నే, జనం రాకముందు" అన్నాడు. కోడలు ఒప్పుకున్నది. నేను ఇంకా ఒప్పుకోలేదు.

శుక్రవారం అసర్ తరువాత మా పెరట్లోని చట్రం మీ పిల్లలకు కూడా తెరిచే ఉంటుంది. రిజిస్టరు నమూనా కావలసినవారు తలుపు దగ్గర బల్ల మీద తీసుకోండి, ఒక వైపు తెలుగు, మరో వైపు ఉర్దూ అచ్చు వేయించాను. వచ్చేముందు ఒక్క ఫోను మాత్రం చేయండి. కొత్తవాళ్లు చెప్పకుండా వస్తే వాడు పై కడ్డీ దిగడు, మీరందరూ ఇషా దాకా కూర్చోవలసి వస్తుంది.